నీళ్ళలో వదిలిన యుద్ధనౌక

పోస్టాఫీసులో ముప్పయ్యారేళ్ళు ముద్రలు కొట్టి రిటైరైన నాకు ఒక్కటే పిచ్చి, యుద్ధనౌకల స్టాంపులు. మా కొవ్వూరులో సముద్రం లేకపోయినా, ఏ ఓడ ఏ దేశపు స్టాంపు మీద ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ తెలివే కొంప ముంచింది. నా కొంప కాదు, రామతులసి గారిది.

రాజమండ్రిలో స్టాంపుల ప్రదర్శనకి నా ఓడలన్నీ సిద్ధం చేస్తున్నానని తెలిసి, వెనక వీధిలో ఉండే ఆవిడ ఒక పాత కవరు తెచ్చి ఇచ్చారు. ఆవిడ భర్త అశోక్ నేవీలో పనిచేస్తూ ఎనభై నాలుగులో విశాఖలో కామెర్లతో పోయాడు. కవరు మీద ఆ ఏడు వచ్చిన యుద్ధనౌక స్టాంపు ఉంది.

"ఆయన ఆఖరి ఉత్తరమండి. పదిమందీ చూస్తారంటే ఇస్తున్నాను. ఎలా ఉన్నది అలాగే తెచ్చిచ్చేయండి" అన్నారు.

తలూపాను. ఆవిడ వెళ్ళాక భూతద్దం పెట్టి చూస్తే స్టాంపు అంచున చెమ్మకి పడిన మచ్చ. నా చెయ్యి ఊరుకుంటుందా? ఊడదీసి, కడిగి, ఆరబెట్టి మళ్ళీ అతికిస్తే ఆవిడ మురిసిపోతారనుకున్నాను. ఉత్తరం తీసి పక్కన పెట్టి, కవరు మూలని పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళలో ముంచాను. స్టాంపులు పోగేసేవాళ్ళం వేల సార్లు చేసే పనే అది.

పావుగంటకి స్టాంపు ఊడింది. దాని కింద, సిరాతో, చీమ తలకాయంత అక్షరాలు! "తులసీ" అన్న మాట చదివాను. తక్కినవి చదివేలోగా అలుక్కుపోయాయి. కంగారులో బ్లాటింగ్ పేపరు అద్దితే ఉన్న కాస్తా దానికి అంటుకుపోయింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కవరు మూలని వేళ్ళతో తడిమారు.

"మా మావగారు ఉత్తరాలన్నీ చింపి వీధరుగు మీద అందరికీ చదివి వినిపించేవారండి. అందుకని నాకొక్కదానికే చెప్పాల్సిన మాట ఈయన స్టాంపు కింద రాసేవారు. అన్నం ఎసరు ఆవిరి మీద పట్టి ఊడదీసుకునేదాన్ని. ఇది మాత్రం ఆయన పోయిన మర్నాడు వచ్చింది. ఇదీ చదివేస్తే ఇంకేం మిగల్దని అలాగే ఉంచుకున్నానండి, ఇన్నేళ్ళూ."

'ముందే చెప్పాల్సిందమ్మా' అనబోయి సిగ్గుపడ్డాను. ఆవిడ చెప్పాల్సింది చెప్పారు. విననివాణ్ణి నేను.

"ఒక్క ముక్కైనా చదివారా యెహెజ్కేలు గారూ?"

"పేరొక్కటే అమ్మా. తులసీ అని ఉంది."

ఆవిడ చప్పున తలెత్తారు.

"నిజంగా చూశారాండి? ఆయనెప్పుడూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. ఏ ఉత్తరంలోనూ రాయలేదు."

"బైబిలు మీద ఒట్టమ్మా."

"పేరు పెట్టి పిలిచారా... పిలిచి, ఏం చెప్పారండి?"

ఆ నీళ్ళు రాత్రే పెరట్లో పారబోశాను.