కొత్తవాళ్లు అసలు పేరే రాయాలి

పెయ్‌జుకి కోపం రావడం కొత్తేమీ కాదు. టీ చల్లారినా వస్తుంది, స్కూటరు మొరాయించినా వస్తుంది, వచ్చినంత తొందరగానూ పోతుంది. ఆ ఆదివారం వచ్చిన కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు. పోకూడదు కూడా.

తైవాన్‌లోని తైనాన్ ఊళ్లో చేపల గంజి హోటలు మేడమీద గదిలో ప్రతి ఆదివారం ఆమె కొత్తవాళ్లకు పని నేర్పేది. పనంటే ఒక ఫోను యాప్ పని. మనం తీసే ప్రతి ఫొటో లోపలా దాన్ని ఎక్కడ తీశామో దాగి ఉంటుంది కదా, ఫొటో ఎవరికైనా పంపేముందు ఈ యాప్ దాన్ని తుడిచేస్తుంది. దానికి యజమాని లేడు, చేసేవాళ్లకు జీతాల్లేవు. ఎవరైనా విప్పి చూడొచ్చు, బాగుచేసి పంపొచ్చు. పంపింది పనికొస్తుందో లేదో తేల్చే పెద్దమనిషి మాత్రం ఒకాయన ఉన్నాడు. అందరూ ఆయన్ని వేరుశనగ అన్న అంటారు.

హ్వాంగ్ సూచిన్ నలభై దాటిన మనిషి. తైచుంగ్‌లో బ్యాంకు ఉద్యోగం వదిలేసి వచ్చింది. మొదటిరోజే పెయ్‌జుకి చెప్పేసింది.

"మా ఆయన కొట్టేవాడక్కా. పారిపోయా. మా చెల్లికి పిల్లి ఫొటో ఒకటి పంపా, అంతే. అదెలాగో ఆయన చేతిలో పడింది. పొద్దున్నే లేచి చూస్తే గుమ్మంలో ఉన్నాడు. మళ్లీ పారిపోయి ఇక్కడికొచ్చా. ఇంకో ఆడది ఇలా దొరికిపోకుండా నేనేమన్నా చెయ్యగలనా?"

చేసింది. ఫొటో సరిగ్గా శుభ్రపడకపోతే యాప్ ఒక హెచ్చరిక చూపించేది. 'సమాచార నిర్మూలన అసంపూర్ణం' అట! ఎవడికి అర్థమవుతుంది? సూచిన్ దాన్ని కొట్టేసి, 'ఆగండి. మీరెక్కడున్నారో ఈ ఫొటో ఇంకా చెబుతోంది' అని రాసింది. పెయ్‌జు బల్ల చరిచి, "ఇన్నాళ్లూ మాకెవరికీ తట్టలేదే!" అంది. చిన్నవాన అనే మారుపేరుతో పంపించారు.

తిప్పికొట్టారు. కొత్తవాళ్లు అసలు పేరే రాయాలట. ఎవడో మారుపేరుతో వచ్చి దొంగపని చేశాడని వేరుశనగ అన్న పెట్టిన నియమం అది. "నేను మాట్లాడతాలే, ఆగు," అంది పెయ్‌జు. ఇంతలో వాళ్లమ్మకి జ్వరం వచ్చి ఆసుపత్రి చుట్టూ తిరగడంతోనే ఆమెకి వారమంతా గడిచిపోయింది. సూచిన్ ఆగలేకపోయింది. తన మొదటి పని, ఆశ ఉండదూ? అసలు పేరు రాసి పంపేసింది. వెంటనే తీసుకున్నారు. తీసుకుని ఊరుకున్నారా? లోకమంతా చూసే పేజీలో స్వాగతం కూడా పలికారు. హ్వాంగ్ సూచిన్, తైనాన్ ఆదివారం తరగతి అని.

ఆ ఆదివారం తరగతి మొదలవుతుండగా ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో అనాస కేకుల పెట్టె.

"టీచరు గారా అండీ? మా ఆవిడ సూచిన్ మీ దగ్గరే నేర్చుకుంటోందట కదా. మీ పేజీలో చూసి ఎంత మురిసిపోయానో!"

పెయ్‌జు మెట్లవైపు చూసింది. "ఇవాళ రాదండీ," అంది.

"పర్లేదండీ, కాసేపు కూర్చుంటా."

కూర్చున్నాడు. పెయ్‌జు టీ తెస్తానని కిందికి దిగి సూచిన్‌కి ఫోను చేసింది. "బస్సు దిగకు. ఎటైనా వెళ్లిపో."

"వచ్చాడా?" అంది సూచిన్. ఇంకేమీ అడగలేదు.

ఆయన తరగతి అయ్యేదాకా ఉండి, అందరికీ నమస్కారాలు పెట్టి మరీ వెళ్లాడు. పెయ్‌జు ఆ కేకుల పెట్టెను చెత్తబుట్టలోకి విసిరికొట్టి, పాతవాళ్లందరినీ ఫోనులో ఒకచోట కూడేసింది.

"స్వాగతం తీసేశా పెయ్‌జూ," అన్నాడు వేరుశనగ అన్న. "పొరపాటైంది."

"పేరో?"

"అది పనుల చరిత్రలోకి, అదే, ఎవరేం మార్చారో రాసుకునే చిట్టాలోకి ఎక్కిపోయింది. చరిత్ర తిరగరాయం, నీకు తెలుసు. వేలమంది దగ్గర దాని నకళ్లున్నాయి, అన్నీ గందరగోళమైపోతాయి."

"అవనీ."

"ఒక్క మనిషి కోసమా?"

"అన్నా, నీ పేరేంటి?"

"నా పేరెందుకిప్పుడు?"

"నిన్నే అడిగేది. వేరుశనగ అని మీ అమ్మ పెట్టిందా? ఇన్నేళ్లు కలిసి పనిచేశాం, నీ మొహం కూడా ఎరగం మేము."

"నా సంగతి వేరు. నాకు ఇబ్బందులున్నాయి."

"నీవి ఇబ్బందులూ, ఆవిడవి కావూ? ముందొచ్చినోడివి నువ్వు తలుపేసుకుని లోపల కూర్చుని, వెనకొచ్చినవాళ్లని పేరు పెట్టి వీధిలో నిలబెడతావా? సిగ్గులేదూ! మనం ఏం చేస్తున్నామని చెప్పుకుంటున్నాం జనానికి? దాచిపెడతామని! ఆ దాచే పనికి సాయమొచ్చిన మనిషినే పట్టించాం కదయ్యా!"

చరిత్ర తిరగరాసే అధికారం పెయ్‌జుకీ ఉంది. వాళ్లు వింటుండగానే ఆ పేరు ఉన్నచోట చిన్నవాన అని రాసేసింది. క్షణాల్లో తిట్లు మొదలయ్యాయి. ఎవరి పని చెడిందో, ఎవరి నకలు పాడైందో చదవకుండా ఫోను కట్టేసింది. అప్పటికే బయటికి పోయిన నకళ్లలో ఆ పేరు ఎక్కడెక్కడ మిగిలిందో ఆమె చేతిలో లేదు. అది తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండింది.

మర్నాడు సూచిన్ కొత్త నంబరు నుంచి చేసింది. వెనకాల రైళ్ల రొద వినబడుతోంది.

"పేరు తీసేశా," అంది పెయ్‌జు. "ఎక్కడికెళ్తున్నావే?"

"అడక్కక్కా. నువ్వడిగితే చెప్పేస్తా. చెబితే ఆయన మళ్లీ కేకులు పట్టుకుని నీ దగ్గరికే వస్తాడు."

పెయ్‌జు ఇక అడగలేదు. "పని మానెయ్యకు. ఏ పేరుతోనైనా పంపు."

"పంపుతా. కానీ పంపింది నేనని నీకు తెలీకూడదు."

తరగతి ఇప్పుడు వేరేచోట జరుగుతోంది, ఎక్కడో ఏ పేజీలోనూ ఉండదు. వేరుశనగ అన్నతో పెయ్‌జుకి మాటల్లేవు. కొత్తవాళ్లను పేరు అడగొద్దని పోట్లాడి సాధించుకుంది. ముక్కూమొహం తెలియని వాళ్ల దగ్గర్నుంచి పనులు వస్తూనే ఉంటాయి, కొన్ని ఎంత అధ్వానంగా ఉంటాయంటే పాతవాళ్లు విసుక్కుంటారు. పెయ్‌జు ఒక్కరినీ కసరదు. ఎవరిలో సూచిన్ ఉందో తెలియదు గనక, అందరికీ ఓపిగ్గా జవాబు రాస్తుంది.