యలమంచిలి దాకా ఒక గొంతు

లీలకీ రత్నమణికీ వైర్‌లెస్ పిచ్చి ఒకేసారి పట్టింది. పట్టించినవాడు లీల మేనమామ జ్ఞానానందం. ఆయన విశాఖపట్నంలో నేవీ రేడియో మెకానిక్‌గా చేసి, రిటైరై నర్సీపట్నంలో మిషన్ కాంపౌండు వెనక ఇంట్లో ఉండేవాడు. చర్చిలో పక్కపక్కన నిలబడి పాడే ఈ ఇద్దరమ్మాయిలకీ భోజనాల బల్ల మీద స్పూనుతో కొట్టి, పొట్టి పొడుగు దెబ్బలతో అక్షరాలు పలికే మోర్సు కోడు నేర్పాడు. ఇద్దరూ హైదరాబాదు వెళ్లి పరీక్ష రాసి, సొంతంగా వైర్‌లెస్‌లో మాట్లాడుకునేందుకు ఇచ్చే ఎమెచ్యూర్ రేడియో లైసెన్సులు తెచ్చుకున్నారు.

తరవాత రత్నమణికి యలమంచిలి స్టేషన్లో బుకింగ్ క్లర్కుగా ఉన్న క్రీస్తుదాసుతో పెళ్లయింది. లీల నర్సీపట్నంలోనే ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా చేరింది.

ఎనభై నాలుగులో జ్ఞానానందం పాత స్నేహితులు కొందరు, కావలసిన అనుమతులన్నీ తీసుకుని, చేతిలో ఇమిడే సెట్లు రెండు తెప్పించి ఇచ్చారు. ఒకటి లీలకి, ఒకటి రత్నమణికి. బటన్ నొక్కితే మాట్లాడటం, వదిలితే వినటం. రత్నమణి ఇటు వచ్చినప్పుడు ఒకరు బడి మేడ మీదా ఒకరు బస్సులోనూ ఉండి చూశారు. బస్సు నాతవరం రోడ్డు మీద కొంతదూరం పోయేసరికే రత్నమణి గొంతు ఇసక రాలుతున్నట్టు గరగరలాడి ఆగిపోయింది. యలమంచిలి దానికి ఎన్నో రెట్ల దూరం. లీలకి ఆ రాత్రి అన్నం సహించలేదు.

బజారులో రేడియోలు బాగుచేసే చినబాబు అందుకు ఉపాయం చెప్పాడు. "ఒక్క పెట్టె తగిలిస్తే పవరు పెరిగిపోద్ది టీచరుగారూ. యలమంచిలి ఏటి, తుని దాకా ఎల్లిపోద్ది" అన్నాడు. లీల మనసు లాగింది. మావయ్య ఇంటికి వెళ్లి చెప్పింది.

జ్ఞానానందం కోప్పడలేదు. ట్రంకుపెట్టెలోంచి తన లైసెన్సు తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇందులో పవరుకి హద్దు రాశారు. అది దాటితే రేపు ఎవరో ఆపదలో పిలిచే పిలుపు మీద మనం వెళ్లి పడతాం. కానీ కొండెక్కొద్దని ఎక్కడైనా రాశారా, సూడు. మంచి యాంటెన్నా కట్టుకోవద్దని రాశారా?"

లీల చివరిదాకా చదివింది. ఎక్కడా రాయలేదు. సెట్టు ఇంటి చిరునామాలో కాక వేరేచోట వాడాలంటే మాత్రం ముందుగా అనుమతి కావాలని ఉంది. బస్సులో మాట్లాడిన సంగతి గుర్తొచ్చి లీల నాలిక కరుచుకుంది. ఆ సాయంత్రమే ఇద్దరూ కూర్చుని దరఖాస్తు రాశారు. అది పోస్టు డబ్బాలో పడ్డప్పటి నుంచి లీలకి కాలు ఒకచోట నిలవలేదు. పాఠం చెబుతూ బోర్డు మీద యాంటెన్నా బొమ్మ గీసేసి, పిల్లలు నవ్వితే తుడిచేసేది.

జ్ఞానానందం లెక్కకట్టిన యాంటెన్నా చేప ముల్లులా ఉంటుంది. మధ్యలో ఒక కర్ర, దానికి అటూ ఇటూ సమంగా వచ్చేలా అల్యూమినియం కడ్డీలు. అది ఎటు చూస్తే గొంతంతా అటే పోతుంది. నాలుగు వైపులా చెదిరే బలం ఒక్కవైపే పోగవుతుంది. మొదట వెదురుతో చేస్తే కన్నాలు పెట్టేచోట చీలిపోయింది. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే మత్స్యరాజు దగ్గరకి వెళ్లమని సలహా ఇచ్చింది రత్నమణే. ఒక శనివారం ఇద్దరూ అక్కడ కలుసుకున్నారు.

మత్స్యరాజు కాగితం మీద బొమ్మ చూసి, ఇది దువ్వెనా అని అడిగాడు. మాట పట్టుకునే సాధనమని లీల చెబితే, అయితే రంగు ఏం వెయ్యమంటారన్నాడు. అంకుడు కర్రని తరిమెన మీద తిప్పుతూ నున్నగా చెక్కి, కన్నాలు తిన్నగా పెట్టి, వాన తగిలినా నీరు పీల్చకుండా ఎర్ర లక్క పూశాడు. ఆ ఎర్ర కర్రని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని లీల బస్సులో వస్తుంటే, పక్కనున్న పెద్దావిడ ఊయలకా అని అడిగింది. లీల నవ్వేసింది.

అనుమతి రాగానే వచ్చిన ఆదివారం మధ్యాహ్నానికి ప్రయత్నం పెట్టుకున్నారు. మోకాళ్ల నొప్పులతో కొండెక్కలేని జ్ఞానానందం ఉదయమే బస్సెక్కి యలమంచిలిలో రత్నమణి ఇంటికి వెళ్లాడు. అక్కడ మేడ మీద రత్నమణి సెట్టు పట్టుకుని నిలబడాలి. ఇక్కడ లీల ఊరి బయట కొండ ఎక్కాలి. ఎలా తెలిసిందో చినబాబు కూడా దుకాణం మూసి, యాంటెన్నానీ, దాన్ని ఎత్తి నిలబెట్టే గడనీ భుజాన వేసుకుని వచ్చాడు.

దారిలో విస్తళ్లకి అడ్డాకులు కోస్తున్న సింహాద్రమ్మ కలిసింది. ఏజెన్సీ కొండల వైపు మనిషి, ఆ కొండ మీద కాలిబాటలన్నీ తెలిసినది. ఎండలో ఆ ఎర్ర కర్ర మోసుకుని ఎటు పోతున్నారో కనుక్కుని, ఆ బాటన వెళితే మధ్యలో రాతిగోడ వస్తుందని చెప్పి, తనే ముందు నడిచింది. పైకి చేరాక, యాంటెన్నా కట్టిన గడ గాలికి ఊగుతుంటే రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

లీల సన్నటి కేబుల్‌ని సెట్టుకి తగిలించి, యాంటెన్నాని యలమంచిలి వైపు తిప్పించి, లైసెన్సుతో పాటు తనకిచ్చిన గుర్తు పేరు, కాల్‌సైన్, చెప్పి పిలిచింది. బటన్ వదిలింది. గరగర తప్ప ఏమీ లేదు. మళ్లీ పిలిచింది. కాస్త ఎడమకి, కాస్త కుడికి తిప్పించింది. ఏమీ లేదు.

చినబాబు మెల్లగా, పెట్టె గురించి తను అప్పుడే చెప్పాననబోయి, లీల ముఖం చూసి మానేశాడు. రత్నమణి ఈపాటికి మేడ మీద చెమటలు కక్కుతూ నిలబడి ఉంటుంది. ఎలా నిలబడి ఉంటుంది? సెట్టు నోటి దగ్గర పెట్టుకుని, దాని యాంటెన్నా ఆకాశం వైపు నిలువుగా. లీల తలెత్తి ఎర్ర కర్రని చూసింది. విశాఖపట్నంలో మేడల మీద చూసిన టీవీ యాంటెన్నాలా కడ్డీలన్నీ అడ్డంగా పడుకుని ఉన్నాయి. పంపేదీ అందుకునేదీ రెండూ ఒకే తీరున ఉంటేనే గొంతు అందుతుంది.

"సింహాద్రమ్మా, దించండి. బేగి దించండి" అంది.

"ఏటైనాది టీచరమ్మా?"

"అది నిలబడింది, మనం పడుకున్నాం."

సింహాద్రమ్మకి ఒక్క ముక్కా అర్థం కాకపోయినా గడ దించింది. లీలా చినబాబూ కలిసి కట్లు విప్పి, కడ్డీలు నిలువుగా వచ్చేలా కర్రని పక్కకి తిప్పి మళ్లీ కట్టారు. గడ పైకి లేచింది. బటన్ నొక్కి పిలిచి, వదిలింది.

గరగర ఒక్కసారి పలచబడింది. ఆ పలచదనంలోంచి, ముందు సన్నగా, సింహాద్రమ్మ గడని వెంట్రుకవాసి తిప్పేసరికి పక్కింట్లోంచి మాట్లాడుతున్నంత స్పష్టంగా, రత్నమణి కాల్‌సైన్ చెప్పింది. తరవాత అంది: "లీలా, ఇనిపిస్తున్నావే. ఇందాకట్నుంచి పిలుస్తున్నాను, ఎక్కడ సచ్చావు? ఓవర్."

లీల జవాబివ్వాలని బటన్ నొక్కింది గానీ నవ్వొచ్చేసింది. కాల్‌సైన్ సగం నవ్వులోనే చెప్పి, కడ్డీలు తిప్పి కట్టిన సంగతి చెప్పింది. అటునుంచి జ్ఞానానందం అందుకుని, కడ్డీలు అడ్డంగా కట్టమన్నది తనేననీ, ఓడల మీద అన్నేళ్లు పనిచేసినవాడికి బుద్ధి ఉండక్కర్లేదా అనీ తనని తనే తిట్టుకున్నాడు. అలా మాట్లాడుతుండగానే ఆయన వెనక నుంచి పెద్ద కూత వినిపించింది. యలమంచిలి స్టేషన్లో రైలు కదులుతోంది. నర్సీపట్నానికి రైలే లేదు. అలాంటిది కొండ మీద ఆ ముగ్గురూ కూత చివరిదాకా కదలకుండా విన్నారు.

సింహాద్రమ్మకి తనూ ఒక మాట అనాలనిపించింది. లైసెన్సు లేనివాళ్లు మాట్లాడకూడదని లీల బాధపడుతూనే చెప్పింది. ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. "మాటాడకపోతే పోనీ. ఇది పట్టుకున్నది నానేనని సెప్పు" అంది. లీల చెప్పింది. అటునుంచి రత్నమణి సింహాద్రమ్మ పేరు పూర్తిగా పలికి, దండాలు చెప్పింది. ఆవిడ గడ వదలకుండానే తల వంచింది.

బ్యాటరీలు అయిపోయేదాకా మాట్లాడుకున్నారు. ఎన్నాళ్ల మాటలో దాచుకున్నవి ఉన్నా, ఇద్దరికీ నోటికొచ్చింది వినిపిస్తున్నానా, బాగా వినిపిస్తున్నానా అన్నదే.

కొండ దిగి రోడ్డు మీదకి వచ్చాక, ఆ లైసెన్సు పరీక్షకి ఏమేం చదవాలని చినబాబు అడిగాడు. లీల ఆ సాయంత్రమే అతన్ని మావయ్య ఇంటికి తీసుకెళ్లింది. జ్ఞానానందం ఆఖరి బస్సుకి తిరిగొచ్చేసరికి భోజనాల బల్ల మీద ఆమె స్పూనుతో కొడుతోంది. చినబాబు కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ వింటున్నాడు.