పోటీకి వెళ్లని రాడ్డు

నేను ఒక ఇనుప రాడ్డును. రెండు చివరలా ప్లేట్లు తొడిగి మనుషులు నన్ను తలపైకి ఎత్తుతారు, ఒక్క క్షణం నిలబెడతారు, తర్వాత కింద పడేస్తారు. అంత అవస్థపడి ఎత్తేది పడేయడానికేనా అని మొదట్లో వింతగా ఉండేది.

ఉత్తరాదిలో ఒక కార్ఖానాలో పుట్టి, రైల్లో విజయనగరం చేరి, ఒక క్రీడా వసతిగృహంలో పడ్డాను. అక్కడి కుర్రాళ్లు నన్ను ఎత్తిన దానికంటే, పట్టుకుని అద్దంలో చూసుకున్నదే ఎక్కువ. నా గరుకు పట్టు అరిగాక పాత సామాన్లలోకి తోశారు. అప్పలసూరి మాస్టారు అడిగి తీసుకుపోయారు. ఒకప్పుడు బరువులెత్తిన మనిషి. తన పల్లెలో రేకుల షెడ్డు వేసి ఆడపిల్లలకు నేర్పేవారు.

అక్కడికే పైడితల్లి వచ్చింది. జూట్ మిల్లులో పనిచేసే వాళ్లమ్మ వెంటబెట్టుకొచ్చింది.

"పరుగుపందెంలో ఎప్పుడూ ఆఖరే మాస్టారూ. ఇదైనా అబ్బుతాదేమో సూడండి."

మాస్టారు పిల్లను ఎగాదిగా చూసి, "రేపట్నించి అంపీయమ్మా" అన్నారు.

చాలాకాలం ప్లేట్లు లేకుండా వట్టి నన్నే ఎత్తించారు. ఆమెకది చిన్నతనంగా ఉండేది. నాకు మాత్రం తెల్లారి తలుపు చప్పుడైతే చాలు, వచ్చింది ఆమేనా అని ఆత్రం. జారకుండా తెల్లపొడి పూసుకున్న ఆ వేళ్లు నా చుట్టూ బిగిస్తే, ఇనుమునన్న సంగతే మరచిపోయేదాన్ని.

ఒక రోజు బరువు పెంచారు. ఎత్తబోయిన ప్రతిసారీ ఛాతీ దగ్గరే ఆగిపోయాను. ఆమె కూలబడి ఏడ్చింది.

"ఇంక రాను మాస్టారూ. నావల్ల అవదు."

"రాకపోతే మానీయే. ఆ ప్లేట్లు మాత్రం తీసి సర్దీసి ఎల్లు."

ఆయన బయటికి వెళ్లిపోయారు. ఆమె ఒక ప్లేటు తీసి, దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. మళ్లీ తొడిగింది. ఆ సాయంత్రం నేను ఆమె తలపైన నిలిచాను. చూసినవాళ్లు ఎవరూ లేరు.

ఆ తర్వాత జిల్లా పోటీలు, రాష్ట్ర పోటీలు. వాటికి నన్ను తీసుకెళ్లరు. అక్కడ మెరిసే రాడ్లుంటాయి. ఆమె గెలిచిన ప్రతిసారీ నేను గోడకు ఆనుకుని ఉన్నాను. పతకం మెడలో వేసుకుని వచ్చి షెడ్డులో నిలబడితే, ఆ రాడ్డు ఎలా ఉండిందో, చేతులకు నప్పిందో లేదో అడగాలనిపించేది.

రైల్వేలో ఉద్యోగం వచ్చింది. వెళ్లిపోయింది. ఆమె పేరు చూసి ఎవరో దాతలు షెడ్డుకు కొత్త రాడ్డు ఇచ్చారు. గాలివానకు మాస్టారి పశువులశాలలో కప్పు మోసే నిట్రాడ విరిగితే, దాని స్థానంలో నన్ను నిలబెట్టారు. ఆవులు మెడ దురదకు నన్ను రాసుకునేవి. పాలు పితుకుతూ ఒకనాడు మాస్టారు భార్యతో అన్నారు: "పైడితల్లికి పోటీలో మోసెయ్యి కీలు తప్పీసిందట. ఆపరేషన్ సేసేరు. ఇంకెత్తడం ఉండదట." నా మీద మోపిన కప్పు ఆ రోజు మరీ బరువనిపించింది.

మొన్న ఆమె వచ్చింది. షెడ్డంతా కలయజూసి అడిగింది.

"నా రాడ్డేదండి మాస్టారూ?"

ఆయన తల దించుకుని శాలకు తీసుకొచ్చారు. "నిట్రాడ ఇరిగిపోతే పెట్టీసేనమ్మా. రేపే కర్ర తెచ్చి, దీన్ని తీయించీస్తాను."

"ఉండనీయండి. తీసీస్తే ఆవులెక్కడ పడుంటాయి?"

పేడ తొక్కుకుంటూ దగ్గరికి వచ్చింది. కుడిచెయ్యి పూర్తిగా చాపలేకపోతోంది. ఎడమచేత్తో నన్ను పట్టుకుని పైకి కొంచెం నెట్టింది. వాసాలు కిర్రుమన్నాయి. వెంటనే చెయ్యి సడలించింది, కానీ తీయలేదు. అలాగే ఉండిపోవాలని నేనెంత కోరుకున్నానో చెప్పలేను.

"అమ్మా, గుంటలొచ్చీసేరు," అని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లల్ని చూపిస్తూ మాస్టారు పిలిచారు.

ఆమె వెళ్లింది. కాసేపటికి షెడ్డులో కొత్త రాడ్డు నేలకు తగిలిన మోత, వెనకే ఆమె గొంతు.

"పడిపోనీయే. మళ్లీ పట్టుకో."

కప్పు మోస్తూ వింటున్నాను.