ఇనుము చేసిన పని

గోల్‌నూష్ బల్ల దగ్గరికి మనుషులు రావడం మొదలై మూడు వారాలైంది. అంతకుముందు నాలుగేళ్లు, ఇరాన్‌లోని ఆ జంజాన్ ప్రయోగశాలలో ఆమె ఉందో లేదో కూడా ఎవరికీ పట్టలేదు.

కుడిచెయ్యీ ఎడమచెయ్యీ లాగే కొన్ని అణువులు జంటగా పుడతాయి. ఒకటి మందైతే రెండోది విషం కావచ్చు. కావలసిన చేతినే పుట్టించడానికి పల్లాడియం వాడతారు, అదేమో బంగారంతో పోటీపడే లోహం. గోల్‌నూష్ ఆ పని మామూలు ఇనుముతో చేసింది. నూటికి తొంభై ఏడు, కావలసిన ఎడమచేతివే! ఆనవాయితీ ప్రకారం మిఠాయి పంచింది. ఆమె పేరైనా తెలియనివాళ్లు, "ఇన్నాళ్లూ మాకు చెప్పకుండా దాచావా, గడుసుదానా!" అంటూ మిఠాయి పెట్టెలో రెండోసారి చెయ్యి పెట్టారు. ఆ పూట ఆమె సంతోషం ఇంతా అంతా కాదు.

సరుకు దొరకని చోట ఎవరూ ఏదీ పారెయ్యరు. సీసాలో వేసి మందు కలియబెట్టే అయస్కాంతపు పుల్ల కూడా చేతులు మారుతుంది. గోల్‌నూష్ వాడేది, పెళ్లయి తబ్రీజ్ వెళ్లిపోయిన తర్లాన్‌ది. తర్లాన్ ఇక్కడ చదివిన ఐదేళ్లూ పల్లాడియంతోనే కుస్తీ పట్టింది. పుల్ల మీది నల్లమచ్చ ఎంత తోమినా పోలేదు. ఓ రోజు అది కనబడక గోల్‌నూష్ కొత్తది వేసింది. ఏమీ పుట్టలేదు. పాతది దొరికాక వేస్తే మళ్లీ తొంభై ఏడు. పని చేసింది ఇనుము కాదు, ఆ మచ్చ.

పన్నెండు రోజులు ఆ సంగతి ఒక్కతే మోసింది. తల్లికి ఫోన్ చేసి చలి గురించి మాట్లాడి పెట్టేసింది. "ఏం ఖానుమ్, ఇనుప రాణిగారికి మాతో మాట్లాడే తీరికుందా?" అన్నవాళ్లతో నవ్వింది. డాక్టరేట్ పట్టా ఆలస్యమవుతుందని కాదు ఆమె బాధ. నిజం తెలిస్తే వీళ్లెవరూ మళ్లీ ఇటు రారు.

ఇనుము మీద రాసిన వ్యాసం పత్రికకు పంపే రోజు ఉదయాన్నే తన గైడు డాక్టర్ సర్తీపీ గదికి వెళ్లింది.

"పంపకండి ఉస్తాద్. పని చేసింది ఇనుము కాదు. తర్లాన్ పుల్లకంటిన పల్లాడియం."

ఆయన కళ్లజోడు తీశారు. "మళ్లీ చేసి చూశావా?"

"ఏడుసార్లు."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"చెప్పడానికి ఎవరున్నారు, ఉస్తాద్?"

ఆయన ఆ మాట విన్నారో లేదో. "మంచిపని చేశావమ్మా, మన పరువు దక్కించావు. మొదటినుంచి మొదలుపెట్టు," అని గడియారం చూసుకుని క్లాసుకు వెళ్లిపోయారు.

ఆమె ఆ గదిలోనే నిలబడిపోయింది. చీవాట్లు తప్పవని గుండె దిటవు చేసుకుని వచ్చింది. తిట్టినా బాగుండేది. తిట్టడానికైనా ఆయన కాసేపు కూర్చునేవారు.