ఇరవై ఏడు సగం పాటలు

నేను ఒక వాయిస్ రికార్డర్‌ని. ఎర్ర మీట నొక్కితే వింటాను, పచ్చ మీట నొక్కితే విన్నది విన్నట్టు అప్పజెబుతాను. సొంత పైత్యం కలపను. మనుషుల్లో ఆ గుణం నాకు ఇంతవరకు కనబడలేదు.

ఏ దేశపు ఫ్యాక్టరీలో పుట్టానో చెప్పలేను, వీపు మీది అక్షరాలు అరిగిపోయాయి. మొదట ఒంగోలులో ఒక ప్లీడరు కొన్నాడు. కక్షిదారుల గోడునంతా నాలో నింపి, ఒక్కసారీ తిరిగి వినలేదు. ఆయన దగ్గర టైపు చేసే సలోమి పిహెచ్‌డి సీటు వచ్చి పని మానేస్తుంటే, పోనీలే అని నన్ను ఆమె చేతిలో పెట్టాడు. నా బతుకు బాగుపడిందని మురిసిపోయాను. ఎంత వెర్రిదాన్నో!

సలోమి పరిశోధన పొగాకు గ్రేడింగ్ షెడ్లలో ఆడవాళ్లు పాడే పాటల మీద. ఆకు రంగును బట్టి వేరుచేస్తూ ఒకామె పాట ఎత్తుకుంటే నలభై మంది అందుకుంటారు. సలోమి తల్లి కూడా ఆ షెడ్లలోనే పనిచేసి, దగ్గి దగ్గి పోయింది. ఆవిడ పాడిన పాటలు ఎక్కడా రాసి లేవు. ఈ పిల్ల పట్టుదలంతా అందుకే.

మొదటి రెండేళ్లు చదువు పరీక్షలకూ, షెడ్లలోకి అనుమతులకూ సరిపోయాయి. మూడో ఏడు పాప పుట్టింది, జెమీమా. భర్త ఉద్యోగం శ్రీకాకుళంలో. అత్తగారు మంచం దిగలేని మనిషి. ఇంకేం చేస్తుంది, పాపను చంకనేసుకుని, నన్ను సంచిలో పడేసుకుని షెడ్డుకు బయల్దేరేది.

అక్కడ పొగాకు ఘాటు. పాపకు కళ్లు మండేవి, ఏడ్చేది. ఆ ఆడవాళ్లకేమో ఒక పట్టింపు ఉంది. షెడ్లో బిడ్డ ఏడిస్తే, ఎవరి బిడ్డయినా సరే, పాట ఆపేసి ఒడి నుంచి ఒడికి మార్చుకుంటూ ఊరుకోబెట్టాలి. ఆగిన పాటను ఆ రోజు మళ్లీ ముట్టుకోరు, కొత్తది మొదలుపెడతారు.

“బిడ్డ ఏడుస్తుంటే పాటేందమ్మే? ముందు ఎత్తుకో,” అనేది దీనమ్మ, అందరికంటే ముందు గొంతెత్తే ముసలామె. సలోమి మాత్రం నన్ను గట్టిగా పట్టుకుని, ఇంకొక్క చరణం అని కళ్లతోనే బతిమాలుకునేది.

మూడు సీజన్లలో నాలోకి ఇరవై ఏడు పాటలు వచ్చాయి. ఒక్కటీ పూర్తి కాలేదు.

గైడు విశ్వంభరరావుగారు అన్నీ ఓపిగ్గా విన్నారు. “సగం పాటలతో థీసిస్ ఎట్లా నిలబడుతుందమ్మా? నాలుగైనా పూర్తివి తీసుకురా. పాపను ఎవరి దగ్గరైనా వదిలి వెళ్లు,” అన్నారు. ఎవరి దగ్గరో ఆయన చెప్పలేదు. సలహా ఇచ్చేవాళ్లకు అంతవరకే ఓపిక ఉంటుంది.

చివరికి పక్కింటావిడను కాళ్లావేళ్లా పడి ఒప్పించి ఒంటరిగా వెళ్లింది. షెడ్డుకు తాళం. ఆ ఏడు పంట తక్కువై పని ముందే ముగిసిందట. దీనమ్మ ఇంటికి పరుగెత్తింది. ముసలామె నా ముందు కూర్చుని రెండుసార్లు గొంతు సవరించుకుంది.

“చేతిలో ఆకు లేకపోతే పదం నోటికి రాదమ్మే. తోచింది పాడి నిన్ను మోసం చెయ్యలేను. వచ్చే సీజనుకు రా.”

మళ్లీ పని మొదలయ్యేది ఫిబ్రవరిలో. థీసిస్ ఇవ్వాల్సిన గడువు అక్టోబరు ముప్పై ఒకటి. అప్పటికే రెండుసార్లు పొడిగించారు, ఇక పొడిగించరు.

ఆ నెలలన్నీ సలోమి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ ముక్కలనే విన్నది, ఎక్కడైనా ఒక చరణం మిగిలిందేమోనని. పాప వచ్చి వైరు లాగేది. ఒకసారి చెంప మీద కొట్టి, తర్వాత తనే ఎక్కువ ఏడ్చింది. నాకు గుండె లేదంటారు గానీ, ఆ పూట నాకు దుఃఖం ఆగలేదు. గడువు రోజున గైడు సంతకం పెట్టలేదు. ఆరేళ్ల రిజిస్ట్రేషన్ రద్దయింది.

ఆ మర్నాడు సలోమి నన్ను పాప బొమ్మల బుట్టలో వేసింది. మూడేళ్ల జెమీమా నన్ను తీసి పచ్చ మీట నొక్కింది. పాట మొదలైంది, అంతలోనే ఏడుపు.

“ఎవరమ్మా ఏడిచేది?”

“నువ్వే నాన్నా. చిన్నప్పుడు.”

“నువ్వు ఊరెళ్లావా?”

“లేదు. నీ పక్కనే ఉన్నా.”

“మరి ఎత్తుకోలేదేం?”

ఆపే మీట ఎక్కడుందో సలోమికి బాగా తెలుసు. అయినా ఆపలేదు. ఆ ఏడుపును చివరిదాకా విన్నది.