ఐదు ముద్దల సిమెంటు

డొల్లే, ఇదీ డొల్లే, దాని పక్కదీ డొల్లే, ఇంకాస్త పైన చూస్తే అక్కడైనా గట్టిగా ఉంటుందేమో అనుకుంటూ ఆవిడ వేలి కణుపుతో మరో టైలు మీద కొట్టింది, డొబ్‌మంది, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు, పక్కపక్కనే రెండు టైల్సు టక్‌మని పలికితే చాలు, ఈ స్టీలు కడ్డీ బిగించేసి గండం గట్టెక్కొచ్చు, సోమవారం స్నానానికల్లా గోడకి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి అని కసరత్తు చేయించే అమ్మాయి మరీ మరీ చెప్పింది, పోయిన వారం అంకుల్ కుళాయి పట్టుకుని లేవబోయి పడ్డప్పుడు అదృష్టం బాగుండి తుంటి విరగలేదు ఆంటీ, ఇంకోసారి పడితే ఇక లేవరు, అని, అదీ ఆయన ఎదురుగానే, పక్షవాతం వచ్చి మాట పోయిన మనిషికి చెవులు కూడా పోతాయనుకుంటారు కాబోలు ఈ పిల్లలు, ఆయన అప్పుడు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు, ఇప్పుడేమో స్నానాలగది గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, పనిచేయని కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, రెప్ప వేయకుండా ఇటే చూస్తున్నారు, ఆయనకీ వినపడుతోందా ఈ డొబ్ డొబ్, వినపడకుండా ఎలా ఉంటుంది, ఈ గోడకి ఈ టైల్సు అతికించింది ఆయనే కదా.

ఆ రోజు సిమెంటు కలిపిచ్చింది తనే, నీళ్లు ఎక్కువయ్యాయని చీవాట్లు తిన్నదీ తనే, ఆయన ఒట్టి బనీనుతో, చెవి మీద పెన్సిలు దోపుకుని, ఒక్కో టైలు వెనక నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి, మొత్తం ఐదు ముద్దలు పెట్టి గోడకేసి నొక్కుతుంటే, పక్కింట్లో మేస్త్రీ తాపీతో టైలు వీపంతా నిండా పూయడం అంతకు వారం ముందే కళ్లారా చూసిన తను, ఏమండీ, నిండా పూయాలేమో అనబోయి, ఏమండీ దగ్గరే ఆగిపోయింది, ఏంటి అన్నారు ఆయన, ఏం లేదు, బాగుందండీ, అంది, అదిగో అలా మొదలైంది, కాదు, అంతకుముందే, వంటింట్లో అర కొట్టినప్పుడే మొదలైంది, నీటిబుడగ ఉండే రసమట్టం కొట్టువాడు ఊరికే ఇస్తానన్నా పుచ్చుకోకుండా, నా కన్నే రసమట్టం అన్నారు, ఆ కన్ను కొట్టిన అర మీద డబ్బాలన్నీ మెల్లమెల్లగా ఎడమకి జరిగి ఒకదాన్నొకటి ఒరుసుకునేవి, ఏడేళ్ల కూతురు గోళీ పెట్టి చూసి, అమ్మా, ఇది దానంతటదే నడుస్తోందే అంటే, చప్పున గోళీ గుప్పిట్లో దాచి పిల్ల నోరు మూసింది, ఆయన ఆఫీసుకెళ్లాక అట్టముక్క మడిచి అర కింద దోపింది, ఆయనేమో వచ్చిన చుట్టాలందరికీ దాన్నే చూపించేవారు, చూశారా, అంగుళం కదల్లేదు, ఇక ఆ పడకగది తలుపు, కింద రాసుకుంటోందని చిత్రిక పట్టీ పట్టీ పిల్లి దూరేంత సందు చేశారు, దూరింది కూడా, ఆయన పనితనానికి మొట్టమొదటి లబ్ధిదారు ఆ పిల్లి, దానికి నోరుంటే అదీ బాగుందండీ అనే ఉండేది.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కుళాయి కారి కారి బకెట్లు నిండిపోతుంటే ఆయన ఊళ్లో లేని రోజు చూసి ప్లంబర్ని పిలిచింది, అతను అరగంటలో బాగుచేసి వెళ్లాడు, ఆయన వచ్చి కుళాయి తిప్పి చూసి, ఎవడు చేశాడిది, ఏం, నా చేతులు పడిపోయాయా, అని రెండు రోజులు కంచం ముందు కూర్చోలేదు, మూడో రోజు తనే వెళ్లి తప్పయిపోయిందండీ అంది, బాగైపోయిన కుళాయికి క్షమాపణ చెప్పుకున్న ఇల్లాలు లోకంలో తనొక్కతే అయి ఉంటుంది, తలుచుకుంటే నవ్వొచ్చేది, ఇప్పుడు రావడం లేదు, ఆ చెయ్యి నిజంగానే పడిపోయింది కదా, ఇప్పుడు మేస్త్రీని పిలవడమంటే, అవునండీ, పడిపోయింది, అని మొహం మీద అనడమే, పైగా ఆ మేస్త్రీ ఊరుకుంటాడా, ఎవడమ్మా ఈ పని చేసింది, అంతా డొల్ల, పగలగొట్టాల్సిందే అంటాడు నలుగురికీ వినపడేట్టు, ఆయన కుర్చీలో కూర్చుని వింటారు, ఎదురు చెప్పడానికి మాటెక్కడుంది, మిగిలిందల్లా అదే అనే ఒక్క ముక్క, నీళ్లు కావాలన్నా అదే, నొప్పన్నా అదే, టీవీ కట్టేయమన్నా అదే, స్క్రూ ఎలా తిప్పాలో గంటసేపు ఉపన్యాసం ఇచ్చిన మనిషి అదే, అదే అంటూ, తనకి అర్థం కాకపోతే ఎడమచేత్తో తొడ మీద కొట్టుకుంటారు, వద్దు, మేస్త్రీ వద్దు, తనే బిగిస్తుంది, మూడోకంటికి తెలియదు, అందుకే కదా కడ్డీ కొన్నప్పుడు కొట్టువాడు ఎవరు బిగిస్తారమ్మా అంటే మావారండీ అని చెప్పొచ్చింది.

అదే, అన్నారు ఆయన, ఉలిక్కిపడి చూసింది, ఎడమచెయ్యి గోడ వైపు చాచారు, వేలు ఊగుతోంది, ఇక్కడా అండీ, అదే, ఇంకా పైనా, అదే, అక్కడ కొట్టమంటున్నారో వద్దంటున్నారో తెలియడం లేదు, కావాలంటే తెలుసుకోవచ్చు, అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు చెయ్యి నొక్కమనే పద్ధతి ఆ కసరత్తు అమ్మాయి నేర్పింది, దగ్గరికెళ్లి అడిగితే అరనిమిషం పని, వెళ్లలేదు, సరేనండీ, ఇక్కడే, అని డ్రిల్లింగ్ మిషను ఆన్ చేసింది, ఆ రొదలో ఇంకే మాటా వినపడదు, అది హాయిగానే ఉంది, తెల్లటి పొడి మణికట్టు మీద రాలుతోంది, టైలు దాటేదాకా మొండికేసిన మిషను దాటగానే లోపలికి జారిపోయింది, దాంతోపాటు తన చెయ్యీ ముందుకి తూలింది, లోపల ఏమీ లేదు, గాలి, ఆ వెనకెక్కడో గోడ, స్క్రూ బిగియడానికి కన్నంలో ప్లాస్టిక్ ప్లగ్గు పెడితే మాయమైంది, ఇంకోటి పెడితే అదీ పోయింది, అగ్గిపుల్లలు విరిచి దోపి స్క్రూ తిప్పింది, తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది, ఎక్కడా పట్టు దొరకడం లేదు, నాలుగు స్క్రూలూ అంతే, అయినా నాలుగు తలలూ కడ్డీకి ఆనుకుని బుద్ధిగా కూర్చున్నాయి, చూడ్డానికి వంకే లేదు, రెండు వేళ్లతో కాస్త లాగి చూసింది, గట్టిగా లాగలేదు, గట్టిగా లాగితే తెలిసిపోతుంది, గుడ్డతో పొడి తుడిచి వెనక్కి తిరిగి, బాగుందండీ, గట్టిగా ఉంది, అంది, ముప్పై ఏళ్లుగా అలవాటైన నోరు, తనని అడక్కుండానే అనేసింది.

ఆయన లేస్తారనుకోలేదు, కుర్చీ చేతిని ఎడమచేత్తో నొక్కి, ఒళ్లంతా ఒక పక్కకి ఒరిగిపోతూ లేచారు, కుడికాలు ఈడ్చుకుంటూ ఒక అడుగు, గుమ్మం దాటి ఇంకో అడుగు, మొహంలో ఎన్నాళ్లుగానో లేని కళ, పెళ్లాం బిగించిన కడ్డీని పట్టి చూసి మెచ్చుకోవాలని కాబోలు, ఆగండి, నేనొస్తున్నా, అంది, ఆయన ఆగలేదు, చెయ్యి చాచారు, ఆ చెయ్యి కడ్డీ మీద పడితే ఒంటి బరువంతా దాని మీదే వేస్తారు, వేయక ఏం చేస్తారు, దానికే కదా పెట్టింది, కింద తడి నేల, ఆ పక్కనే కుళాయి ఇనుప మూతి, ఇక లేవరు ఆంటీ, జానెడు దూరం, బెత్తెడు, పట్టుకోకండి, అని అరిచింది, అది ఆగదు, డొల్ల, గోడంతా డొల్లేనండీ, మీరు సిమెంటు నిండా పూయలేదు, నాకు ఆ రోజే తెలుసు, అని అరుస్తూనే ఆయన నడుం చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకుంది, ఇద్దరూ కలిసి గోడకి చేరగిలబడ్డారు, తన మోచెయ్యి ఊరికే అలా తగిలిందో లేదో కడ్డీ ఒక పక్క ఊడి వేలాడింది.

ఆవిడ భుజం మీద గడ్డం ఆనించి ఆయన గట్టిగా ఊపిరి తీసుకుంటున్నారు, మొహం చూడాలంటే భయంగా ఉంది, బాధపడి ఉంటారు, కోపం వచ్చి ఉంటుంది, రానీ, బతికున్న మనిషికి రాక ఎవరికొస్తుంది కోపం, రేపు మేస్త్రీని పిలుస్తానండీ, అంది ఆయన చెవి దగ్గర, ఈ టైల్సు మొత్తం తీయించేస్తాను, అంత తేలిగ్గా వచ్చిన మాటకి తనే ఆశ్చర్యపోయింది, ఇన్నేళ్లూ గొంతుకడ్డం పడింది ఇదేనా, ఇంతేనా, ఆయన మనసు నొచ్చుకోకూడదనే బాగుందండీ అంటున్నానని తనని తాను ఎంత మెచ్చుకుంది, మరి ఇందాక, స్క్రూ పట్టలేదని వేళ్లకి తెలిసీ బాగుందండీ అన్నది ఎవరి మనసు కోసం, డొల్ల అన్న ఆ ఒక్క మాట అనాల్సిన గడియ తప్పితే చాలనుకుంది, ఆయన చూసే చూపుకి, ముద్ద ముట్టకుండా చేసే అలకకి జడుసుకుంది, ఇంకో క్షణం నోరు మూసుకుని ఉంటే ఇంత మనిషీ కింద ఉండేవారు, ఆ తర్వాత కూడా తను స్క్రూల్నే తిట్టి ఉండేది, ఆయన్ని ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది, బాగుందండీ అన్నది ఆయన్ని నొప్పించకూడదని కాదు, ఏనాడూ కాదు, తనకి భయం వేయకుండా ఉండడం కోసం, ఆయన్ని పడిపోనివ్వబోయింది.