రెండో చుట్టు

మా అత్త హనుమమ్మ భర్త పోయిన మనిషి. అలాంటి మనిషి ఇంకొకరికి బొట్టు పెట్టకూడదని మా ఎమ్మిగనూరు నేతపేటలో పసిపిల్లను అడిగినా చెబుతుంది. అయినా ఏడాది పైగా ప్రతి పొద్దునా ఆమే నా నుదుట కుంకుమ దిద్దింది. నా చేత్తో నేను పెట్టుకోలేకపోయాను కాబట్టి ఆమె పెట్టింది. పేటలో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ, వాళ్ళ బుగ్గలు వాళ్ళవి.

"నా కొడుకు బతికుండాడు. వాని పెండ్లాం ముఖం బోసిగా ఉండకూడదు," అనేది అత్త. అంతకు మించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు.

ఆ కొడుకు కేశవ, నా మొగుడు. బిందెడు నీళ్ళ కోసం ట్యాంకరు దగ్గర జుట్లు పట్టుకునే ఊళ్ళో పుట్టి, సముద్రం అడుగున ఉద్యోగం వెతుక్కున్న మహానుభావుడు. సునామీ తర్వాత ఇళ్ళు కట్టే పనికని బేల్దారి ముఠాతో అండమాన్ పోయాడు. అక్కడ దావీదురాజు అని, కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, టూరిస్టులను సముద్రంలోకి దింపే పడవ నడుపుతాడు. కేశవ ఈత చూసి బేల్దారి పని మాన్పించి తన దగ్గర పెట్టుకున్నాడు. వీపున గాలి సిలిండరు కట్టుకుని వచ్చినవాళ్ళను నీళ్ళ కిందికి తీసుకుపోవాలి. పగడపు దిబ్బలూ, వాటి సందుల్లో తిరిగే చేపలూ చూపించాలి. పక్కనే ఎప్పుడో మునిగిపోయిన సరుకుల ఓడ ఒకటి ఉంది, దాని చుట్టూ తిప్పి క్షేమంగా పైకి తేవాలి. ఇదీ పని. మా మామ అన్న మద్దయ్య, నాకు పెదమామ, ఇది విని పేటంతటినీ నవ్వించాడు. చేపలను తినడానికి దుడ్లిచ్చేవాళ్ళను చూశాను గానీ, చూడటానికి ఇచ్చేవాళ్ళు కూడా ఉంటారా అని.

కేశవకు ఈత నేర్పింది మా అత్తే. ఆమె పుట్టిల్లు ఆలూరు. సెలవులకు అక్కడికి పోయినప్పుడల్లా కొడుకు నడుముకు ఎండిన సొరబుర్రలు కట్టి, చేలో బావి గట్టు మీద నుంచి తోసేసి, వెనకే తానూ కచ్చ బిగించి దూకేదట. నేను నేర్పిన ఈత వాడిని ముంచదు అన్నది ఆమె నమ్మకం.

ఆమె నేర్పింది ఇంకొకటి ఉంది. మగ్గం మీద పోగు తెగితే రెండు కొసలనూ కలిపే ముడి. ఒక కొసను మెలికలా వెనక్కి వంచి, రెండో కొసను దాని చుట్టూ ఒక్క చుట్టు తిప్పి లాగితే, నూలు నూలును కరుచుకుంటుంది. నేసేవాళ్ళందరికీ వచ్చిందే. కానీ మా అత్తది ఎడమచేతి వాటం. అన్నానికీ కుంకుమకూ తప్ప అన్నిటికీ ఎడమచెయ్యే. అందువల్ల ఆమె మెలిక అందరిదానికీ తిరగబడి ఉంటుంది. కేశవ తల్లి ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నాడు కాబట్టి కుడిచేతివాడై ఉండి కూడా అలాగే వేసేవాడు. బట్టల దండెం, ఉప్పునీటి బావి చేద, సైకిలు మీద మూట, ఇంట్లో ఏది కట్టినా ఆ తిరగబడ్డ ముడే. పేటలో ఎక్కడ చూసినా అది మా ఇంటి ముడి అని నేను చెప్పగలను.

ఒకసారి మాకు నూలు ఇచ్చే షావుకారు గిరాకీ ఉందని చెప్పి పాలియెస్టర్ దారం పంపాడు. అత్త ముడి వేయడం, అది జారిపోవడం, ఆమె తిట్టడం, పొద్దంతా ఇదే పని. షావుకారు గుమాస్తా వచ్చి, ఇది జారుడు దారం, నైలాన్‌కైనా దీనికైనా రెండో చుట్టు తిప్పాలి అన్నాడు. అత్త ఆ దారం చుట్టిన కండెలన్నీ సంచిలో వేసి వాడి చేతికే ఇచ్చింది.

"ఒక్క చుట్టుకు నిలవనిది దారమేందప్పా. రెండో చుట్టు అడిగేది నా మగ్గమెక్కదు, పో."

కేశవ గడప మీద కూర్చుని సజ్జరొట్టె తింటున్నాడు. అమ్మ మాటకు పొలమారేదాకా నవ్వాడు. గుమాస్తా చెప్పింది తల్లీ వినలేదు, కొడుకూ వినలేదు.

రెండువేల ఏడు జనవరిలో దావీదురాజు ఫోన్ చేశాడు. ఎవరో టూరిస్టు చేతిలోంచి కెమెరా జారి మునిగిన ఓడ తలుపులోంచి లోపలికి పడిందట. వద్దు, పోనీ అని అందరూ సైగ చేశారట. కేశవ వాళ్ళను ఇంకొకడితో పైకి పంపి, తాను దాని కోసం వెనక్కి పోయాడు. మళ్ళీ రాలేదు. ఆ రోజు నీటి లాగుడు ఎక్కువగా ఉంది. రాత్రి గాలివానకు ఓడలో ఇనుప రేకులు కూలి లోపలికి దారి మూసుకుపోయింది. వాళ్ళు వెతకని చోటు లేదు. లోపల ఉన్నాడో, నీళ్ళు తీసుకుపోయాయో మేం చెప్పలేమమ్మా అని ఆయన ఏడ్చాడు.

నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. కెమెరా అంట, కెమెరా! ఎవరిదో బొమ్మలు తీసుకునే డబ్బా కోసం నన్ను వదిలేసి పోయాడు. అత్తకు మాత్రం నీళ్ళు తీసుకుపోయాయన్న మాట ఒక్కటే చెవిన పడింది. తీసుకుపోయిన నీళ్ళు ఏ దీవి ఒడ్డునో వదిలి ఉంటాయి, ఎవరో అన్నం పెడుతూ ఉంటారు అంది. మర్నాటి నుంచి కుంకుమ భరిణె తన మగ్గం పక్కనే పెట్టుకుంది.

ఏడాది గడిచేసరికి పెదమామ పట్టుబట్టాడు. శవం దొరకని మనిషికి దర్భలతో బొమ్మ చేసి దహనం చేయాలి, కర్మ జరగాలి, లేకపోతే వాడికీ గతి లేదు, వంశంలో శుభకార్యమూ లేదు అన్నాడు. ఆయన మనవరాలి పెళ్ళి ఆగి ఉంది. అలాగని చెడ్డవాడు కాదు. కేశవ పేరెత్తితే ముందు ఏడ్చేది ఆయనే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అత్తను తిట్టి, తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని పోయేవాడు.

ఒక పొద్దున బొట్టు పెడుతూ అత్త చెయ్యి నా నుదుటి మీదే ఆగింది.

"నువ్వు పోయి చూసి రామ్మే. ఎవురెవురో చూసినారంట, వాండ్లకేం తెలుసు. నువ్వు లేడంటే నేను నమ్ముతా. అంతవరకూ బొమ్మా వద్దు, ఏమీ వద్దు."

నాకు మోకాలి లోతు నీళ్ళంటేనే భయం. కానీ ఆ మాట అడిగింది నన్నే. ఎండాకాలం మొదట్లో ఆలూరు పోయాం. ఆ ముసలి మనిషి నా నడుముకు సొరబుర్రలు కట్టి, బావి గట్టు మీద నుంచి కొడుకును తోసినట్టే తోసింది. నేను గుటకలు మింగుతూ ఆమెను నానా మాటలూ అన్నాను. ఆమె ఏమీ అనుకోలేదు. ముందు రెండు బుర్రలు, తర్వాత ఒకటి, చివరికి ఏదీ లేకుండా ఈదాను.

అండమాన్‌లో దిగి, నేనే నీళ్ళ కిందికి పోయి చూస్తానంటే దావీదురాజు కుదరదన్నాడు. అత్త ఆయన గుమ్మంలో కూర్చుంది. అలా కూర్చున్న మా అత్తను కదిలించడం దేవుడి తరం కూడా కాదు. చివరికి ఆయనే దిగివచ్చి ఒడ్డు దగ్గర రోజుల తరబడి నేర్పించాడు. గొట్టంతో ఊపిరి తీసుకోవడం, కళ్ళకు కట్టిన అద్దంలోకి నీళ్ళు వస్తే ఊదేయడం, చెవులు బిగిస్తే ముక్కు పట్టుకుని ఊదడం. ఓడ మరీ లోతులో లేదు గానీ, తన చెయ్యి వదలకూడదు, లోపలికి అడుగు పెట్టకూడదు అని ఒట్టు వేయించుకున్నాడు. లోపలికి పోయేవాళ్ళు తలుపు దగ్గర దారం కట్టుకుని, దాన్ని పట్టుకునే వెనక్కి వస్తారని, కేశవ దగ్గరా అలాంటి దారం ఉండేదని అత్తకు చెప్పాడు.

ఓడ దగ్గరికి దిగే రోజు పొద్దున కూడా అత్త పడవలోనే నాకు బొట్టు పెట్టింది. నేను అద్దం కట్టుకుని వెనక్కి వాలాను.

కింద నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పగడాలు కనబడ్డాయి. అద్దకం ఇంట్లో రంగు తొట్లన్నీ ఒకేసారి ఒలికినట్టున్నాయి. వాటి మీద పసుపు చేపలు గుంపుగా ఇటు తిరిగి అటు పోయాయి. దీన్ని చూడటానికి దుడ్లివ్వడం తప్పేం కాదనిపించింది. ఆ మాట కేశవకు చెబుదామని పక్కకు తిరిగాను. పక్కన దావీదురాజు ఉన్నాడు. నీళ్ళలో ఏడవకూడదని ఎవరూ నేర్పలేదు, అక్కడే ఏడ్చాను.

ఓడ ఒక పక్కకు ఒరిగి ఉంది. తలుపు దగ్గర దావీదురాజు టార్చి వేశాడు. లోపల దారి తప్పకుండా ఎవరో పూర్వం కట్టుకున్న తెల్లని నైలాన్ దారం తలుపు నుంచి కొద్ది దూరం లోపలికి పోయి ఆగిపోయింది. దాని అవతల కూలిన రేకులు. ఆ దారాన్ని పడవవాళ్ళు ఎన్నోసార్లు చూశారట, పాతది తెగి వేలాడుతోంది అనుకున్నారట.

అది తెగలేదు. కొస వెనక్కి వంచి ఉంది, మెలికలా. నాచు పట్టి ఆ వంపు అలాగే బిగుసుకుపోయింది. తిరగబడ్డ మెలిక. మా ఇంటి దండెం మీద, మా బావి చేద మీద నేను రోజూ చూసినది. దాని చుట్టూ తిరిగి ఉండాల్సిన రెండో దారం మాత్రం లేదు.

పాత దారం చాలక కేశవ తన దారాన్ని దాని కొసకు అతికి లోపలికి పోయాడు. మగ్గం మీద పోగు అతికినట్టు, ఒక్క చుట్టుతో. చీకట్లో దాన్ని పట్టుకుని వెనక్కి వస్తూ లాగి ఉంటాడు. నూలైతే కరుచుకునేది. ఇది నైలాన్. కొస ఉత్తగా ఆయన చేతికి వచ్చేసి ఉంటుంది.

దావీదురాజు నా చెయ్యి పట్టుకుని పైకి తెచ్చాడు. పడవలోకి ఎక్కి అద్దం తీశాను. అత్త నా ముఖంలోకి చూసింది. ఏడాది అలవాటు కదా, ఆమె చెయ్యి దానంతటదే నడుముకు పోయి భరిణె తీసింది. అప్పుడు తెలిసింది నాకు, నా బొట్టును సముద్రం కడిగేసిందని. ఆమె వేలు కుంకుమలో ముంచి పైకెత్తింది. నా కళ్ళు చూసింది. వేలు నా నుదుటి దాకా వచ్చి ఆగింది. కాసేపు అలాగే ఉంచి, మెల్లగా తన కొంగుకు తుడుచుకుంది.

"లోపలే ఉండాడా?"

"లోపలే ఉండాడత్తా."

"దారం లేకుండా పోయినాడా?"

"దారం కట్టుకోనే పోయినాడు. నీ ముడే."

"నిలిచిందా?"

"నిలిచింది," అన్నాను. అత్తతో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

ఊరికి వచ్చి బొమ్మ చేసి దహనం చేశాం. పెదమామ మనవరాలి పెళ్ళి జరిగింది. మేమిద్దరం బోసి ముఖాలతో మళ్ళీ పక్కపక్క మగ్గాల గుంటల్లో దిగాం. నా పోగు తెగినప్పుడల్లా నా వేళ్ళు రెండో చుట్టు తిప్పేవి. వద్దనుకున్నా ఆగేవి కాదు. ఒకరోజు అత్త చూసింది.

"నూలుకు రెండు చుట్లెందుకమ్మే? లావైతాది," అంది.

నేను తల వంచుకుని ఇంకో పోగును అలాగే అతికాను. ఆమె చెయ్యి చాచి ఆ ముడిని వేలితో తడిమింది, తర్వాత నా ముఖంలోకి చూసింది.

నెలాఖరున అత్త నేసిన చీర మడత పెడుతున్నాను. వెనక వైపు వేలికి ఏదో లావుగా తగిలింది. వెలుతురులోకి పట్టి చూశాను. తిరగబడ్డ ముడి. దాని పక్కన ఇంకొకటి, అవతల మరొకటి. అన్నిటికీ రెండు చుట్లున్నాయి.